మీ సభ్యుల పట్టికలో దర్జీ ఉన్నాడా?

పాత కర్నూలు, కడప జిల్లాల రోటరీ క్లబ్బుల అధ్యక్షులకు, కార్యదర్శులకు,



జూలై 1న కొత్త కార్యవర్గాలు బాధ్యతలు తీసుకుంటాయి. ఆ హడావుడి మొదలవకముందే సభ్యత్వం గురించి మీకు ఒక మనవి చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో తొలి రోటరీ సమావేశానికి కూర్చున్నది నలుగురు. పాల్ హారిస్ వకీలు, సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి, గుస్తావస్ లోయర్ గనుల ఇంజనీరు. నాలుగో మనిషి హైరమ్ షోరీ దర్జీ. వృత్తికి ఒకరు చొప్పున చేర్చుకుంటూ, వంతులవారీగా ఒకరి పనిచోట ఒకరు కలుసుకునేవాళ్లు.

మన రాయలసీమలో దానం అంటే పెద్దచెయ్యి పెట్టడం, పేదచెయ్యి పట్టడం. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని ఇప్పటికీ తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. కానీ వకీలూ దర్జీ ఒకే వరుసలో కూర్చుని ఊరి గురించి మాట్లాడుకోవడం వేరే సంగతి. మనకు కొరతగా ఉన్నది అదే.

అందుకే అడుగుతున్నాను. మీ పట్టికలో డాక్టర్లు, వ్యాపారులు, ఆడిటర్లు కాక ఇంకెవరున్నారు? బేతంచెర్లలో నాపరాయికి పాలిష్ పట్టే మేస్త్రీ ఉన్నాడా? ఆదోని పత్తి యార్డు హమాలీ, ప్రొద్దుటూరు నేతగాడు, బోరు బండి నడిపే మనిషి, కరెంటు లైన్‌మన్? ఆడవాళ్లకు రోటరీ తలుపు 1989లోనే తెరుచుకుంది. ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు ఏళ్ల తరబడి లెక్కలు రాసి, అప్పులిచ్చి, వసూలు చేసినవాళ్లు. వాళ్లలో ఎందరిని పిలిచారు?

ఇది మర్యాద కోసం అడుగుతున్నది కాదు. ఉప్పు ఎక్కువున్న బోరునీళ్లకు మీ క్లబ్బు శుద్ధి యంత్రం పెట్టిస్తే, అందులోని వడపోత పొర (మెంబ్రేన్) త్వరగా పూడుకుపోతుంది. ఏ వీధి బోరులో ఎలాంటి నీళ్లు పడతాయో, వేసవికి ఎంత లోతుకు దిగుతాయో బోరు బండి మనిషికి తెలుసు. అతను మీలో ఒకడైతే ఆ మాట శిలాఫలకం వేయకముందే వినబడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు కూడా ఊరికి అక్కరకొచ్చేది ఏ వీధి ఎలాంటిదో తెలిసిన ఇలాంటి తెలివిడే.

పోలియో మీద 1985 నుంచి రోటరీ పట్టుగా పనిచేసింది, 2014 మార్చి 27న మన దేశం ఆ జబ్బు నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు. వీధివీధి తిరిగి చుక్కలు వేసినవాళ్లలో అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఎందరో. ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్లు సభ్యులుగా ఎందుకు ఉండకూడదు?

అడ్డం ఏమిటో మనకు తెలుసు. ఒక సభ్యుడు పేరు చెబితేనే, క్లబ్బు పిలిస్తేనే చేరే వీలుంది. చందా ఉంది, హోటల్లో భోజనాల ఖర్చు ఉంది. కూలికి పోయే రోజున మధ్యాహ్నం సమావేశం పెడితే ఎవరొస్తారు? 2016లో మీ సంస్థే నియమాలు సడలించింది. నెలకు రెండుసార్లు కలిస్తే చాలు, ఎలా కలవాలో, ఏ రకం సభ్యత్వం ఇవ్వాలో క్లబ్బే తేల్చుకోవచ్చు. కాబట్టి భోజనం బదులు టీ చాలు. మాటలు తెలుగులో సాగనివ్వండి. క్లబ్బు చందా కష్టజీవి భరించగలిగినంత తగ్గించి, చేరే పద్ధతి తెలుగులో రాసి, బస్టాండులో, మార్కెట్ యార్డులో అతికించండి.

ఆగస్టులో ఒక సమావేశం బేతంచెర్ల పాలిష్ యూనిట్లో పెట్టండి. పని ముగిశాక, సాయంత్రం ఏడింటికి.

ఇట్లు,
రాయలసీమ పౌరుడు