వీణ నోట్లో దూది

మొన్న మా పక్కింటి అమ్మాయి, ఆ చివర తనూ ఈ చివర వాళ్ళాయనా పట్టుకుని, వీణ మోసుకొచ్చి మా చాప మీద పడుకోబెట్టారు. "పిన్నిగారూ, దీని గరగర చంపుకు తింటోంది. ఏం చేస్తే పోతుంది?" అంది. చూద్దును కదా, గుర్రం పక్కన తీగల కింద బెత్తెడు దూది!

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"మా అత్తగారికి చప్పుడు పడదండీ. అందుకని కుక్కాం."

"ఇది అమ్మేసి కీబోర్డు కొనుక్కుంటే హాయి కదండీ! చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయించుకోవచ్చు" అని వాళ్ళాయన ఓ సలహా పారేశాడు.

నాకు ఒళ్ళు మండింది. దగ్గే మనిషికి మందిస్తాం గానీ నోట్లో గుడ్డ కుక్కుతామా?

వీణలో చప్పుళ్ళన్నీ ఒక్క జాతివి కావు సుమండీ. గుర్రం మీద లోహపు రేకు ఉంటుంది చూశారూ, అది బల్లలా చదునుగా ఉండదు. రవ్వంత వంపు తిరిగి ఉంటుంది. తీగ కదిలినప్పుడల్లా ఆ వంపుని తాకీ తాకనట్టు ఒరుసుకుంటుంది. వీణకి ఆ జుమ్మనే నాదం అక్కడ పుడుతుంది. తీగలో అసలు స్వరంతో పాటు సన్నని పై స్వరాలు కూడా పలుకుతాయి కదా, ఫలానా చోట మీటితే ఫలానా పై స్వరం పలకదని పాశ్చాత్యుల సూత్రం. మన వీణా తంబూరాల్లో అక్కడ మీటినా అది పలుకుతోందనీ, ఆ ఘనత గుర్రానిదేననీ సి.వి. రామన్ గారు 1921లోనే పత్రం రాశారు. సరిగ్గా అక్కడే వీళ్ళు దూది కుక్కారు!

పియానో వాళ్ళకీ ఈ తగువు లేకపోలేదు. గ్రాండ్ పియానోలో మెట్టు మీంచి వేలు తియ్యగానే మెత్తటి ఫెల్టు దిండు తీగ మీద వాలి దాని నోరు మూయిస్తుంది. అయినా పై కొసనున్న చిన్న తీగలకి ఆ దిండ్లు పెట్టరు. 1872లో స్టైన్‌వే వారు సుత్తి దెబ్బ తగలని తీగ కొసలు కూడా తోడుగా మోగాలని, వాటిని కొలిచి వదిలే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ కొసలు మరీ కీచుమంటే ఫెల్టు పీలిక అల్లి ఆపేవాళ్ళున్నారు. కొసని కట్టేస్తారు గానీ పలికే తీగ జోలికి మాత్రం పోరు. ఆ మాత్రం ఇంగితం మనకుండొద్దూ?

మరి గరగర సంగతి? ఇరవైనాలుగు మెట్లూ తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి మైనం మీద నిలబడి ఉంటాయి. ఎండలకి మైనం మెత్తబడి ఒక మెట్టు కుంగిందా, నొక్కిన తీగ పక్క మెట్టుకి తగిలి గర్రుమంటుంది. ఒకే మెట్టు దగ్గర మోగితే తప్పు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఎక్కడ నొక్కినా మోగుతుంటే గుర్రం చూడాలి, లంగర్లు చూడాలి, సొరకాయ వదులైందేమో చెయ్యి వేసి చూడాలి. చెయ్యి వెయ్యగానే ఆగిపోయిందా, దొంగ దొరికినట్టే. వేలు జారినప్పుడల్లా కీచుమంటే తీగ తుప్పుపట్టి ఉండాలి, లేదా వేళ్ళు పొడిగా ఉండాలి. మా పంతులుగారు పక్కనే చిన్న గిన్నెలో కొబ్బరినూనె, అందులో చిటికెడు దూది పెట్టుకునేవారు. దూది ఉండవలసిన చోటు అదీ!

ఇంతకీ ఆ అమ్మాయి ఎనిమిదేళ్ళు నేర్చుకుంది. పెళ్ళిచూపుల్లో ఇదే వీణ మీద రెండు కీర్తనలు వాయించమన్నారట, ఆవిడగారే. అప్పుడు చప్పుడు అనిపించలేదు కాబోలు! స్కూటరుకీ ఫ్రిజ్జుకీ ఠంచనుగా సర్వీసింగు చేయించే ఇంట్లో, మేళం కట్టించడానికి మాత్రం "ఇప్పుడెందుకు" అంటారు. కట్టించరు, గరగర వస్తుంది, వస్తోంది కాబట్టి మూల పెట్టమంటారు. నా మటుకు నాకు అత్తగారి చెవుల మీద కోపం లేదు. నిజంగానే ఆ మోత ఎవరూ భరించలేరు. కానీ మరమ్మతు చెయ్యకుండా మానెయ్యమనడం ఏం న్యాయం?

దూది నేనే లాగి పారేశాను. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారని అబ్బాయి నసిగాడు గానీ నేను వినిపించుకోలేదు. ఆదివారం మేళం కట్టే ఆయన మా ఇంటికే వస్తానన్నాడు. అంతవరకు వీణ మా చాప మీదే ఉంటుంది. అత్తగారిని కూడా కాఫీకి రమ్మన్నాను. వస్తారట, కాకపోతే పక్క గదిలో కూర్చుంటారట.