వేలు తగిలితే రాలే పండు

సూపర్ మార్కెట్‌లో బ్లూబెర్రీ డబ్బా కొనేముందు ఒకసారి తిరగేసి చూడండి. తొడిమ ఊడిన చోట ఇంకా ఎర్రగా ఉందంటే ఆ పండుని తొందరపడి కోసేశారన్నమాట. మామిడికాయలా ఇంట్లో మగ్గుతుందిలే అనుకోకండి. కోశాక రంగు మారొచ్చు, మెత్తబడొచ్చు, తీపి మాత్రం పెరగదు. మనవాళ్లలో చాలామంది "పుల్లటి నీళ్లు, దానికంత రేటా!" అని తేల్చేసేది ఇలాంటివి తినే. మిగిలినవాళ్లు ఓట్స్ మీద నాలుగు చల్లుకుని, యాంటీ ఆక్సిడెంట్స్ అంటూ మాత్రల్లా మింగుతారు. పండుని పండులా తినరేంటో!

నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడి తెలుగువాళ్లకి ఎడిసన్ తెలిసినంతగా పైన్ బారెన్స్ తెలీదు. గంట డ్రైవ్, అంతే. ఇసుక నేల, పైన్ చెట్లు. ఇవాళ మనం డబ్బాల్లో కొనే బ్లూబెర్రీ సాగు మొదలైంది అక్కడే. అంతకుముందు అది అడవిలో ఏరుకునే పండు. దానికి ఆమ్ల గుణమున్న నేల కావాలని ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త 1910లో రాస్తే, అది చదివి ఎలిజబెత్ వైట్ తమ పొలంలో ప్రయోగాలు చేద్దాం రమ్మంది. వాళ్లది క్రాన్‌బెర్రీలు పండించే కుటుంబం. అడవిలో పళ్లు ఏరేవాళ్లకి చిల్లున్న కొలత పలకలిచ్చి, పెద్ద పళ్లు కాసే పొద చూపిస్తే డబ్బులిస్తానంది. పైగా పొదకి చూపించినవాళ్ల పేరే పెట్టేది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొదే 'రూబెల్' రకం. 1916లో తొలి పంట మార్కెట్‌కి వెళ్లింది. అంటే మన ఫ్రిజ్‌లో డబ్బా కూడా అడవిదే, రెండు మూడు మెట్లు ఎక్కి వచ్చిందంతే.

పోయిన జూలైలో అమ్మని అటువైపు ఓ తోటకి తీసుకెళ్లా. మనమే కోసుకుని, తూకం వేయించుకుని డబ్బు కట్టే తోట. అపార్ట్‌మెంట్‌లో నెల రోజులుండి, టికెట్ ముందుకి జరపమని రోజూ గొడవ చేస్తున్న మనిషి. ఊళ్లో పొలం గట్ల మీద కలేకాయలు కోసిన చెయ్యి కదా, పొద దగ్గరికెళ్లగానే "ముళ్లే లేవేంట్రా దీనికి!" అంది. నేను గుత్తులు గుత్తులు లాగుతుంటే చేతి మీద ఒక్కటేసింది. గుత్తిలో అన్నీ ఒకేసారి పండవు. కింద అరచెయ్యి పట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే పండినవే రాలతాయి, కానివి కొమ్మకే ఉంటాయి. ఎండకి వెచ్చగా ఉన్న ఆ పండు రుచి ఏ డబ్బాలోనూ దొరకలేదు నాకు. టికెట్ మాట ఆ వారం ఎత్తలేదు.

అసలు అడవి పండు ఇంకా చిన్నది, పులుపూ తీపీ రెండూ గాఢంగా ఉంటాయి. పండు కొసన ఐదు మొనల కిరీటం ఉంటుంది. అయినా తెలిసినవాళ్లు తోడు లేకుండా దేన్నీ నోట్లో పెట్టుకోవద్దు, విషపు పళ్లూ ఉంటాయక్కడ. కోయడానికి అనుమతుందో లేదో కనుక్కోండి. పొడుగు ప్యాంటు తప్పనిసరి. మన పశువులకి పట్టే పిడుదుల్లాంటి టిక్స్ ఉంటాయి, వాటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోవాల్సిందే.

ఇంకోటి. పండు మీద తెల్లటి పొర మందు కాదు, పండుకి సహజంగా ఉండే మైనం. ముందే కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి, తినేముందు కడుక్కోండి. ఇక్కడ సీజన్ జూన్ మధ్య నుంచి జూలై ఆఖరి దాకానే.