పిల్లల పక్షాన కూర్చుని ఆడండి

అన్నం తినని పిల్లవానికి "బూచివాడు వస్తున్నాడు" అని చెప్పి ముద్ద పెట్టడం మన ఇండ్లలో పరిపాటి. ముద్దతో పాటు భయం కూడా లోపలికి పోతుందని మనం గమనించము. చరక సంహిత శారీరస్థానం 8వ అధ్యాయం ఈ పద్ధతిని స్పష్టంగా నిషేధించింది. బిడ్డ ఏడ్చినా, తినకున్నా, మాట వినకున్నా రాక్షస, పిశాచ, పూతనాదుల పేర్లు చెప్పి జడిపించరాదని అందులో ఉంది. ఆటవస్తువులు చిత్రవిచిత్రంగా, చప్పుడు చేసేవిగా, తేలికగా ఉండాలనీ, మొన వాడిగా ఉండరాదనీ, నోటిలో పట్టేవిగా, భయపెట్టేవిగా ఉండరాదనీ అక్కడే చెప్పబడింది.

మరి రాక్షసుడు లేని కథ పిల్లలకు రుచిస్తుందా? రుచించదు. నేను చెప్పేది ఒక్కటే. బెదిరించేటప్పుడు పెద్దలు రాక్షసుని పక్షం వహిస్తున్నారు. ఆటలో బిడ్డ పక్షం వహించాలి. రాక్షసుడు అతడే, మనం కూర్చునే చోటు మారుతుంది.

విదేశాలలో ఇటువంటి ఆటలు పెట్టెలలో అమ్ముతారు. 2012లో వచ్చిన 'మైస్ అండ్ మిస్టిక్స్' అనే ఆటలో ఎలుకలుగా మారిన రాజకుమారుడు, అతని పరివారం చిన్న చిన్న బొమ్మలుగా ఉంటారు. ఆడేవారందరిదీ ఒకే జట్టు. గెలుపైనా ఓటమైనా అందరిదీ. మనకు ఈ భావం కొత్త కాదు. బతుకమ్మకు ముందు మన ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి చుట్టూ తిరిగి ఆడతారు. అందులో ఓడినవారెవరు? జగిత్యాలకు వాయవ్యాన ఉన్న నిర్మల్‌లో తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు. అవి దొరకకున్నా చెరువు మట్టి చాలును.

కావలసినవి: మట్టితో చేసి నీడన ఆరబెట్టిన నాలుగు బొమ్మలు (ఎద్దు, నెమలి, సాలెన్న, అవ్వ), ఒక రాక్షసుడు, నాలుగు గవ్వలు, సుద్దముక్క. రాక్షసుని పిల్లలే చేయాలి. బానపొట్ట, వంకర మీసం పెడితే భయానికి బదులు నవ్వు వస్తుంది. రంగుకు జాజు, పసుపు వాడవచ్చును.

ఆడే విధానం: నేలపై ఊరి నుండి చెరువు తూము వరకు 10 గళ్ళ బాట గీయాలి. పక్కన రాక్షసుడు ఊరికి వచ్చే 8 గళ్ళ బాట గీయాలి. వంతులవారీగా గవ్వలు వేయాలి. రెండు గాని అంతకు మించి గాని వెల్లకిల పడితే అన్ని గళ్ళు ఒక బొమ్మను నడపాలి. ఒకటే పడినా, ఏదీ పడకున్నా రాక్షసుడు ఒక గడి ముందుకు వస్తాడు. అతడు ఊరు చేరేలోగా నాలుగు బొమ్మలూ తూము చేరాలి. ఏ బొమ్మను నడపాలో అందరూ ఆలోచించి నిర్ణయించాలి. మా ఇంట ఎద్దు వెనుకబడితే అక్క తన పందెమును తమ్ముని ఎద్దుకే ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకొనమని ఎన్ని నీతులు చెప్పినా రాని గుణమిది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఎందరో తండ్రులు గల్ఫ్ దేశాలలో పని చేస్తున్నారు. సెలవుపై వచ్చిన తండ్రిని చూసి పసివాడు తల్లి కొంగు చాటున దాగితే ఆ తండ్రి మనసు ఎంత నొచ్చుకొంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఫోనులో కనబడే ముఖం వేరు, పక్కన కూర్చుని "ఇప్పుడేం చేద్దాం బిడ్డా?" అని అడిగే మనిషి వేరు. తెచ్చిన వస్తువులకంటె ఆ ప్రశ్నయే వారిని దగ్గర చేస్తుంది.

హెచ్చరిక: మూడేళ్ళలోపు పిల్లలకు గవ్వలు, చిన్న బొమ్మలు అందనీయరాదు. బిడ్డ రాత్రులు తరచుగా ఉలికిపడి లేస్తుంటే ఆటతో సరిపెట్టక వైద్యుని సంప్రదించాలి.

రాత్రి భోజనానికి ముందు అరగంట చాలును. ఆట ముగిశాక అదే వరుసలో కూర్చోబెట్టి అన్నం వడ్డించండి. బూచివానిని పిలువవలసిన పని ఉండదు.