నిందకు ముందు పరీక్ష

హైటెక్ సిటీ నుంచి కొండాపూర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే. ఆ బోర్డుల కిందుగా రోజూ పనికి వెళ్లే బోరబండ సోదరి ఒకామెను అత్తింటివారు నాలుగేళ్లు ‘గొడ్రాలు’ అన్నారు. తాయెత్తులు కట్టించారు, దర్గాలకు తిప్పారు, కొడుక్కి రెండో నికాహ్ మాట కూడా ఎత్తారు. పరీక్ష మాత్రం చేయించలేదు. మేము ఆ ఇంటికి వెళ్లిన రోజున కూడా "కోత కోస్తారట, మగ డాక్టరు చూస్తాడట" అన్న భయాలే వినిపించాయి.

ఆ భయాలలో చాలా భాగం పాతకాలం నాటివి. గర్భాశయం లోపలి భాగాన్ని కోత, కుట్లు లేకుండా డాక్టరు గదిలోనే చూసే హిస్టెరోస్కోపీ నేడు ఉంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నని గొట్టాన్ని కెమెరాతో యోని మార్గం గుండా పంపి, సెలైన్ ఎక్కించి తెరపై చూస్తారు. పాలిప్, గడ్డ, అడ్డుపొర ఉంటే కనిపిస్తాయి. తరచుగా మత్తు అవసరముండదు, అదే రోజు ఇంటికి రావచ్చు. కొందరికి నొప్పి ఎక్కువగానే ఉంటుంది, ఆ మాట దాచనక్కరలేదు. ఆపమని చెప్పే హక్కు, మత్తు కోరే హక్కు ఆమెకు ఉన్నాయి. నాళాలు మూసుకున్నాయో లేదో తేలడానికి మాత్రం రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే వేరే ఉంది. మన దేశంలో నాళాలు దెబ్బతినడానికి జననాంగ క్షయ ఒక ముఖ్య కారణమని గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికంటే ముందు జరగవలసినది భర్త వీర్య పరీక్ష. సంతానంలేని జంటలలో దాదాపు సగం మందిలో లోపం పురుషునిలోనో, ఇద్దరిలోనో ఉంటుంది. సూది గుచ్చనక్కరలేని ఆ పరీక్ష ఆ ఇంట్లో నాలుగేళ్లలో ఎవరికీ తోచలేదు! కొందరికి సంతానం ఇవ్వకపోవడం కూడా అల్లాహ్ నిర్ణయమేనని దివ్య ఖుర్ఆన్‌లోని అష్‌షూరా సూరా చెబుతుంది. అందులో కోడలిపై నింద ఎక్కడుంది?

ఆమెను తీసుకువెళ్లిన మొదటి చోట పరీక్షలకు ముందే ఐవీఎఫ్ ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. రెండో చోట భర్త పరీక్షలో లోపమేదీ కనిపించలేదు. ఆమెకు చిన్న పాలిప్ బయటపడింది, దాన్ని అక్కడే తీసివేశారు. ఇన్నేళ్ల నిందకు కారణం అంతే.

గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమైంది. కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ వారానికి ఒక రోజైనా మహిళా డాక్టరు చేతుల మీదుగా, తోడుగా వచ్చిన స్త్రీని పక్కన ఉండనిస్తూ, ఈ పరీక్ష ఉచితంగా జరగాలని మేము వినతిపత్రం రాశాము. జుమా నమాజు తర్వాత మసీదుల వద్ద సంతకాలు సేకరిస్తున్నాము. భర్తల సంతకాలు ముందుండాలన్నది మా షరతు.