కొత్త బండి వణికితే మన జేబులో డబ్బులెందుకు తియ్యాలి?

మా సైట్‌లో ఒక తమ్ముడు కొత్త యూట్ కొన్నాడు. ఇక్కడ హారిస్‌డేల్‌లో, రాన్‌ఫర్డ్ రోడ్డు మీద బాగానే పోతుంది. టాంకిన్ హైవే ఎక్కి 90 దాటితే చాలు, స్టీరింగ్ వణుకుడు మొదలు. అమ్మినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే "ఈ మోడల్ అన్నీ ఇంతే, నడుపుతుంటే సర్దుకుంటుంది" అని పంపించేశారు. సరేలే అని తన డబ్బులతోనే నాలుగు టైర్లూ మార్పించడానికి రెడీ అయ్యాడు. నేను ఆగమన్నాను. ఎందుకో మీకూ చెప్తున్నా.

సర్దుకునే వణుకు ఒకటుంది, నిజమే. ఓడలో, యార్డులో వారాల తరబడి నిలబడిన బండికి టైరు కింది భాగం కాస్త చదునవుతుంది. హైవే మీద అరగంట నడిపితే టైరు వేడెక్కి మళ్ళీ గుండ్రంగా వస్తుంది. అప్పటికీ వణుకుతుంటే మాత్రం అడగాల్సిందే.

అడిగే ముందు మన వైపు చూసుకుందాం. సైట్‌లో తిరిగే బండికి రిమ్ము లోపలివైపు బురద, సిమెంటు పట్టి ఎండిపోతాయి. కొన్ని గ్రాముల బరువు ఒక పక్కకి ఎక్కువైనా ఆ స్పీడులో చేతికి తెలుస్తుంది. కడగండి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంతే గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడే పెట్టండి.

తర్వాత గమనించండి. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడమనండి. అలైన్‌మెంట్ చేసి బిల్లు వేస్తామంటే ఒప్పుకోవద్దు. అది బండి పక్కకి లాగితేనో, టైరు ఒకవైపే అరిగితేనో చేసేది, వణుకుకి మందు కాదు.

మామూలు బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని గాల్లో తిప్పి చూస్తుంది. టైరు ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటే అందులో దొరకదు. రోడ్ ఫోర్స్ మెషీన్ అయితే రోలర్‌తో టైరుని నొక్కుతూ తిప్పుతుంది. ఖాళీ సెంట్రింగ్ చూడటం వేరు, కాంక్రీటు పోశాక చూడటం వేరు కదా, అలాగ. ఆ పేరు పెట్టి అడగండి. ఒక్కోసారి టైరుని రిమ్ము మీద చోటు మార్చి బిగిస్తేనే సరిపోతుంది.

ఇక "టైర్లు మా వారంటీలో రావు" అంటారు. 2011 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా ప్రకారం, కొత్త వస్తువులో లోపం ఉంటే అమ్మినవాడే జవాబు చెప్పాలి. టైరు కంపెనీ దగ్గరికి పొమ్మని తప్పించుకోవడానికి లేదు. చిన్న లోపమైతే ఊరికే బాగు చేసివ్వాలి. పెద్దదైతే వేరే బండి కావాలా, డబ్బు వాపసు కావాలా అనేది మన ఇష్టం. రోడ్డు మీద సామాను మోసే బండిని ఏబీఎన్ మీద కొన్నా ఈ హక్కు ఉంటుంది.

మనోళ్ళు నోరెత్తకపోవడానికి అసలు కారణం నాకు తెలుసు. కంప్లైంట్ ఇస్తే వీసాకో, పీఆర్‌కో అడ్డమొస్తుందని భయం. బండి బాగు చెయ్యమని అడగడానికీ వీసాకీ ఏ సంబంధం లేదు అన్నా! ఐదారేళ్ళు ఈఎంఐ కట్టేది మనం, మాట పడేదీ మనమేనా?

నోటితో అడిగి వచ్చేయొద్దు. ఏ తేదీన, ఎంత స్పీడులో, ఎక్కడ వణికిందో ఈమెయిల్ పెట్టండి. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీదకి తీసుకెళ్ళండి. అయినా కదలకపోతే రాష్ట్రంలో కన్స్యూమర్ ప్రొటెక్షన్ ఆఫీసు ఉంది, అక్కడ కంప్లైంట్ ఇవ్వండి. మా తమ్ముడు ఈమెయిల్ పెట్టాక వచ్చే మంగళవారం బండి తెమ్మన్నారు. ఆ ఈమెయిల్ నా దగ్గరుంది, ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైనవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తా.