గీత పడకపోతే..?

మన్యంలో ఎవరికైనా చలిజ్వరం వచ్చిందంటే ఆశా కార్యకర్త వేలికొన గుచ్చి ఒక్క చుక్క నెత్తురు తీస్తారు. చిన్న ప్లాస్టిక్ కిట్‌లో వేసి ఓ పావుగంటో ఇరవై నిమిషాలో ఆగుతారు. గీత పడిందా, మలేరియా! మైక్రోస్కోపు అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు. మరి ఆ పట్టీ దేన్ని చూసి జబ్బును గుర్తుపడుతోంది?

మలేరియా క్రిమిని కాదు, అది నెత్తుట్లోకి విడిచిన ఒక ప్రొటీన్‌ని. ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం వదిలే దీని పేరు హెచ్‌ఆర్‌పీ-2. పట్టీ మీద ముందే అంటించిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటే గీత కనిపిస్తుంది. వైవాక్స్ రకానికి ఈ ప్రొటీన్ ఉండదు. అందుకే మన దగ్గర వాడే కిట్లలో దానికి వేరే గీత ఉంటుంది.

దొంగ పోయినా అడుగుజాడలు మిగిలినట్టు, క్రిమి చచ్చాక కూడా హెచ్‌ఆర్‌పీ-2 కొన్ని వారాలు నెత్తుట్లో ఉండిపోతుంది. మందులు మింగి తేరుకున్న పిల్లాడికి మళ్లీ గీత పడి ఇంట్లోవాళ్లు కంగారుపడేది ఇందుకే. ఇది చిన్న చిక్కే. పెద్ద చిక్కు 2010లో పెరూలో బయటపడింది. అక్కడి క్రిముల్లో కొన్నింటికి ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువే లేదు! తర్వాత ఆఫ్రికాలోని ఎరిత్రియాలోనూ ఇదే కనిపించి, ఏకంగా కిట్లనే మార్చుకోవాల్సి వచ్చింది. ఒళ్లు కాలిపోతున్నా గీత పడదు. మలేరియా కాదని ఇంటికి పంపేస్తే ఆ బిడ్డ గతేమిటి?

ఇంత తేలిగ్గా దొరికే ప్రొటీన్‌తో టీకా చేయొచ్చుగా అంటారా? అడుగుజాడల్ని ఎంత పట్టుకున్నా దొంగ చావడు. టీకాకి క్రిమి ఒంటిమీదే ఉండేదీ, అది లేకుంటే దానికి బతుకే లేనిదీ కావాలి. దోమకాటుతో మన ఒంట్లోకి దిగే క్రిమిని కప్పి ఉండే సీఎస్‌పీ అలాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా గురీ, 2023లో సిఫారసు చేసిన ఆర్21 గురీ దాని మీదే. రెండోది తయారవుతున్నది మన పుణెలోనే.

అయితే వ్యవధి మరీ తక్కువ. గంట తిరక్కుండానే క్రిమి కాలేయంలో దూరిపోతుంది. ఒక్కటి తప్పించుకున్నా వేలకు వేలై నెత్తుట్లోకి వస్తుంది. అప్పటికి వేషమే మారిపోతుంది! కాబట్టి నాలుగు డోసులిచ్చినా రక్షణ కొంతవరకే. అయినా 2019 నుంచి ఘనా, కెన్యా, మలావీల్లో మొదటి టీకా ఇచ్చిచూస్తే, ఆ వయసు పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి.

అన్నట్టు, కిట్‌లో గీత పడకపోయినా జ్వరం విడవకపోతే ఊరుకోకండి. రక్తపూత తీసి మైక్రోస్కోపు కింద చూడమని డాక్టరుగారిని అడగండి.