కంచు మీద కన్నీరు

రోమన్ చక్రవర్తులకు నాణెమే పోస్టరు, నాణెమే ప్రకటన

ఒక ఖర్జూర చెట్టు. దాని కింద చేతికి తల ఆనించి ఏడుస్తున్న స్త్రీ. అంచు చుట్టూ రెండే మాటలు: జుడేయా కాప్టా. జుడేయా చేజిక్కిందని అర్థం. క్రీ.శ. 71లో వెస్పేసియన్ చక్రవర్తి ముద్రించిన సెస్టెర్షియస్ నాణెం వెనకవైపు దృశ్యమిది. ముందువైపు ఆయన ముఖం, బిరుదులు.

బంగారు నాణెం ఉన్నవాళ్ళ పెట్టెల్లో ఉండేది. బజారులో తిరిగేవి కంచు నాణేలే. వాటిలో పెద్దది సెస్టెర్షియస్. అసలు లోహం ఇత్తడే అయినా కంచు నాణేల్లోనే లెక్కేస్తారు. బరువు సుమారు 25 గ్రాములు. అలాంటివి 100 ఇస్తే ఒక బంగారు నాణెం. అచ్చుయంత్రం లేని కాలంలో చక్రవర్తి ముఖం చాలామందికి పరిచయమైంది ఇలాంటి నాణేల మీదే. బొమ్మకు కావలసినంత జాగా కూడా ఉండడంతో నీరో దీని మీద ఓస్టియా రేవును, టైటస్ కొలోసియంను చూపించుకున్నారు.

వెస్పేసియన్ అవసరం వేరు. 69లో రోమ్ ఒకే ఏడాదిలో నలుగురు చక్రవర్తులను చూసింది. ఆయన నాలుగోవాడు. రాజవంశీకుడు కాదు, సైన్యం అండతో గద్దెనెక్కినవాడు. అంతర్యుద్ధంలో గెలుపును చాటుకోవడం కష్టం, ఓడినవాళ్ళూ రోమన్లే కదా! మరుసటి ఏడాది ఆయన కుమారుడు టైటస్ జెరూసలేంను పట్టుకున్నాడు. అక్కడి ఆలయం తగలబడిపోయింది. చక్రవర్తికి కావలసిన విజయం దొరికింది. కిటుకు ఇక్కడే ఉంది. జుడేయా క్రీ.శ. 6లోనే రోమన్ ప్రావిన్స్ అయింది. ఇప్పుడు జరిగింది తిరుగుబాటు అణచివేత. నాణెం దాన్ని దిగ్విజయం చేసేసింది.

బొమ్మకున్న బలం రోమన్లకు బాగా తెలుసు. కాలిగ్యులా హత్య జరిగిన రెండేళ్ళకు, 43లో, ఆయన ముఖమున్న కంచు నాణేలను కరిగించాలని సెనేట్ తీర్మానించింది. ఆ లోహంతో రాణి మెసాలినా తనకు నచ్చిన నటుడికి విగ్రహాలు చేయించిందని చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు.

ఓడినవాళ్ళకూ ఆ బలం తెలిసొచ్చింది. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు మళ్ళీ తిరగబడ్డారు. చలామణిలో ఉన్న నాణేలనే తీసుకుని వాటి మీద తమ ముద్ర కొట్టారు. వారు ఎంచుకున్న బొమ్మల్లో ఖర్జూర చెట్టు ఒకటి. ఈసారి దాని కింద ఏడ్చే స్త్రీ లేదు. కొన్నిటి మీద చెరిపేసిన పాత ముద్ర ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. హేడ్రియన్ సేనలు సుమారు మూడేళ్ళలో ఆ తిరుగుబాటునూ అణచివేశాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1958లో ఇజ్రాయెల్ తన పదో వార్షికోత్సవానికి ఒక పతకం విడుదల చేసింది. ఒకవైపు వెస్పేసియన్ నాటి బొమ్మ, రెండోవైపు ‘ఇజ్రాయెల్ లిబరాటా’, అంటే ఇజ్రాయెల్‌కు విముక్తి. అధికారం మారితే ముద్ర మారడం ఎక్కడైనా ఉన్నదే. భారత్ కూడా 1950లో ఆరో జార్జి ముఖాన్ని తప్పించి సారనాథ్ సింహాలను నాణేల మీదికి తెచ్చుకుంది.

వెస్పేసియన్ నాణేలు ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. చక్రవర్తి పేరు, బిరుదులు నేటికీ చదవొచ్చు. చెట్టు కింది స్త్రీకి పేరు లేదు. ఆమె ఒక దేశానికి ప్రతీక అంటారు పండితులు. జెరూసలేం పతనమయ్యాక బానిసలుగా అమ్ముడుపోయిన స్త్రీల పేర్లు మాత్రం ఏ నాణెం మీదా లేవు.